ఖాళీ భవనంలో మోగిన ఫోన్లు

హెమ్లాక్ పాయింట్, మిషిగన్
ఏప్రిల్ 9

లైల్‌కి,

నీ పాత నంబరుకి ఫోన్ చేస్తే చేపల ఎరలమ్మే దుకాణంవాడెవడో ఎత్తాడు. మెయిల్ పంపితే తిరిగొచ్చింది. చివరికి మీ అక్కని పట్టుకుంటే చెప్పింది, నువ్వు ఇనుప ఖనిజం మోసే ఓడలో డెక్ పనికి చేరావని, ఫోనూ కంప్యూటరూ ముట్టుకోవడం మానేశావని, ఉత్తరం రాస్తే డెట్రాయిట్ నదిలో టపా పడవ అందిస్తుందని. పదకొండేళ్లు నా పక్క కుర్చీలో కూర్చుని ఈ కౌంటీ నెట్‌వర్కు నడిపినవాడివి, ఇప్పుడు తాళ్లు చుట్టుకుంటున్నావట. వినగానే నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

మనం మాట్లాడుకుని పద్నాలుగు నెలలైంది. ముందు రాయాల్సింది నేను. రాయలేదు. సాకులు చెప్పి నీ సమయం తినను.

సంగతికొస్తాను. మన కౌంటీ లాయరు ప్రెస్కాట్ ఇచ్చిన కాగితం ఒకటి ఇందులో పెడుతున్నాను. ఎస్తర్ కోస్కెలా కౌంటీ మీద కేసు వేయనంది. భర్త పోయాక ఆవిడకి కోర్టుల మీద ఆసక్తి లేదట. కానీ రాష్ట్రంవాళ్ల విచారణ ఇంకా మూసుకోలేదు. ఆ తుపాను ఆదివారం అత్యవసర ఫోన్లు ఇరవై ఆరు నిమిషాలు ఎందుకు అందలేదో ఒక కారణం రాసుకోవాలి వాళ్లు, కారణం పక్కన ఒక పేరు రాసుకోవాలి. నవంబరులో ఆఖరి విచారణ. కాగితంలో ఉన్నది ఇంతే: ఫోన్లని మళ్లించే స్విచ్‌లో కొత్త దారి నువ్వు రాశావు, తనిఖీ చీటీ పెట్టలేదు, అందుకే ఎవరూ దాన్ని సేవ్ చేయలేదు. నువ్వు సంతకం పెడితే అక్కడితో సరి, ఇంకే చర్యా ఉండదు. ఒక్కటే నష్టం, ఇక ఏ కౌంటీలోనూ ఏ ఆసుపత్రిలోనూ నీకు ఈ పని ఇవ్వరు. ఎలాగూ వదిలేశాడుగా అంటాడు ప్రెస్కాట్.

నాకైతే తొందరేం లేదు. ఆలోచించి రాయి. చలికోటు మంచిది కొనుక్కున్నావా? ఆఫీసు కోటుతో సరస్సు మీద ఏప్రిల్ గడవదు.

వెర్నా హౌటలా


డ్యూవాల్ ఓడ, హ్యూరాన్ సరస్సు
మే 3

వెర్నా గారికి,

మీ ఉత్తరం బకెట్‌లో పైకొచ్చింది. టపా పడవ మా పక్కకొచ్చి ఓడతో సమంగా నడుస్తుంటే మేం తాడు దించుతాం, వాళ్లు బకెట్‌లో వేస్తారు, లాగుతాం. నాకు ఉత్తరం రావడం అదే మొదలు. చేతిరాత ఆడవాళ్లదని పసిగట్టి ఎవరామె అని అందరూ నన్ను వేపుకుతిన్నారు. మా పాత బాస్ అన్నాను. అయితే ఇంకా ఘోరం అన్నారు. చలికోటు ఉంది, మా వంటవాడు గాస్టన్ ఇచ్చాడు. ఇద్దరు పడతారు అందులో.

నేను ఫోన్ ఎందుకు మానేశానని గాస్టనే ఒకరోజు అడిగాడు. ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాం. చెప్పక తప్పలేదు. స్విచ్ లోపల ఒక పట్టిక ఉంటుందన్నాను. ఏ చోటికి పోవాల్సిన మాట ఏ తలుపులోంచి పోవాలో వరసగా రాసి ఉంటుంది. కొత్త వరస రాస్తే ఆ క్షణమే అమల్లోకి వస్తుంది. కానీ అది స్విచ్‌కి గుర్తున్నంతసేపే. విడిగా సేవ్ చేస్తేనే నిలుస్తుంది. చేయకముందు కరెంటు పోయిందంటే స్విచ్ లేచి పాత పట్టికే చదువుకుంటుంది, కొత్తది దానికి జరగనట్టే.

"రాయగానే సేవ్ కొట్టేస్తే పీడా పోయె కదా," అన్నాడు గాస్టన్.

అందుకు మీ పద్ధతి చెప్పాను. మీరు కొత్తలో ఒక తప్పు వరస రాసి సేవ్ చేసేసి, కొండ మీద టవరు అందకుండా పోతే దాన్ని సరిచేయడానికి మంచులో అరవై మైళ్లు కారు నడిపారని చెప్పాను. అప్పట్నుంచి మన దగ్గర రాసినవాడు సేవ్ చేయకూడదు. ముందు స్విచ్‌ని పది నిమిషాల్లో తనంతట తనే ఆరి వెలగమని చెప్పి పెట్టుకోవాలి. అప్పుడు వరస రాయాలి. తప్పు రాసి మనమే బయట పడిపోతే పది నిమిషాలకి అది మర్చిపోయి పాత దారికొస్తుంది. ఒప్పయితే ఆ ఆజ్ఞ రద్దు చేసి, ఏం రాశామో చీటీ మీద పెట్టి మీ ఎర్ర ట్రేలో వేయాలి. ఒకరోజు రాకపోకలు చూశాక రెండో మనిషి చీటీతో పట్టికని సరిపోల్చి, సేవ్ చేసి, సంతకం పెట్టాలి. ఈ పద్ధతి వల్ల పదకొండేళ్లలో మనకి ఒక్క మచ్చా రాలేదు. గాస్టన్‌కి నచ్చింది. తన వంటింట్లో కూడా ఉప్పు వేసినవాడు రుచి చూడకూడదట.

తర్వాతది కూడా చెప్పాను. షెరీఫ్ పాత భవనంలోంచి అత్యవసర ఫోన్ల గది ఆసుపత్రి వెనక కొత్త భవనానికి మారింది. గురువారం నేను ఆ కొత్త దారి రాశాను. శుక్రవారం, శనివారం ఫోన్లన్నీ కొత్త గదికే వెళ్లాయి. ఆదివారం మధ్యాహ్నం మంచువాన పడి కరెంటు పోయింది. జనరేటరు అందుకునేలోపు స్విచ్ ఒక్కసారి ఆరి వెలిగింది. అంతే. కొత్త గదిలో కూర్చున్న అమ్మాయిలు ఇంత తుపానులో ఒక్క ఫోనూ రాదేంటని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటున్నారు. అవన్నీ పాత భవనంలో మోగుతున్నాయి. అక్కడ కుర్చీలు కూడా లేవు. షెరీఫ్ మనిషి రేడియోలో అరిస్తే నేను మంచు మీద జారుతూ ఆసుపత్రి నేలమాళిగకి వెళ్లి ఒక్క వరస కొట్టాను. పదిహేను సెకన్లు పట్టింది. అప్పటికే ఎస్తర్ గారు తొమ్మిదిసార్లు చేశారు. ఆవిడ భర్త ఐనార్ వాకిట్లో పార పక్కన పడి ఉన్నాడు.

గాస్టన్ నా చేతిలోంచి కత్తి తీసుకున్నాడు. మిగిలిన ఉల్లిపాయలు కూడా తనే తరిగాడు.

వెర్నా గారూ, సంతకం పెడతాను. ఒక్కటే కోరిక. నాకు ఆ చీటీ రాసినట్టే గుర్తు. విచారణలో మొదటిసారి అడిగినప్పుడు పెట్టానన్నాను, రెండోసారి పెట్టాననే అనుకుంటున్నానన్నాను, మూడోసారికి మర్చిపోయి ఉంటానన్నాను. మీరేమో ట్రేలో లేదన్నారు, మీరు అబద్ధం చెప్పే మనిషి కాదు. కాబట్టి మర్చిపోయింది నేనే. అయినా ఒక్కసారి, బీరువా వెనకో, పాత ఫైళ్లలోనో, మళ్లీ వెతుకుతారా? లేదని మీరు రాస్తే ఆ కాగితం మీద సంతకం పెట్టి, ఇక దాని గురించి ఆలోచించడం మానేస్తాను.

లైల్ ట్రెంబాత్


హెమ్లాక్ పాయింట్
జూన్ 20

లైల్‌కి,

ఆలస్యమైంది, ఏమనుకోకు. నీ చోట్లో మార్కస్ అని కొత్తవాణ్ణి వేశారు. తెలివైనవాడే, కానీ వేలికి ఆగడం రాదు. వరస రాయడం, సేవ్ కొట్టడం ఒకే ఊపులో చేస్తాడు. మొన్న నేను అరిస్తే, "పది నిమిషాలు, రెండో మనిషి, చీటీ... ఇదంతా పాతకాలం కాదా?" అన్నాడు. సమాధానం చెప్పబోయాను. లేచి వెళ్లి కాఫీ పోసుకున్నాను.

ఊళ్లో విశేషాలు రాయమంటావేమో. శుక్రవారం చేపల విందుకి జనం తగ్గారు. మాంసం కూరిన పేస్టీలమ్మే ముసలాయన ముల్లంగి ముక్కలు తగ్గించి బంగాళాదుంప ఎక్కువేస్తున్నాడని చర్చిలో రెండు వర్గాలయ్యాయి. నేను ఏ వర్గంలోనూ లేను, చర్చికి వెళ్లడం మానేశాను. సరుకులకి కూడా పక్క ఊరు వెళుతున్నాను. ఇక్కడి దుకాణంలో ఎస్తర్ ఎదురుపడుతుంది. మా అమ్మాయి జోడీ ఇంకా ఐస్ హాకీ ఆడుతూనే ఉంది. నేను చూడ్డానికి వెళ్లడం లేదు. దానికి కోపం. ఎందుకు రావని అడుగుతుంది, నడుం నొప్పి అంటాను.

చీటీ గురించి అడిగావు. దాని మీద నీకు కొత్తగా రాయగలిగింది ఏమీ లేదు. అయిపోయినదాన్ని తవ్వుకుంటూ కూర్చుంటే నీ బతుకు ఎప్పుడు బతుకుతావు? నీకు ముప్పై ఆరేళ్లు. నీమీద ఇంకే చర్యా ఉండదని ప్రెస్కాట్ రాసిచ్చాడు. సంతకం పెట్టేసి ఆ సరస్సు గాలి పీల్చుకో. నేనయితే అదే చేస్తాను.

ఇది చదివి నీకు కోపం వస్తే రానీ. కోపంతో ఒక ఉత్తరం రాసినా చదువుకుంటాను. నీ ఉత్తరంలో కోపం లేదు. అదే నాకు మింగుడుపడలేదు.

వెర్నా


డ్యూవాల్ ఓడ, సుపీరియర్ సరస్సు
ఆగస్టు 14

వెర్నా గారికి,

కోపం ఎందుకొస్తుంది? మీరే లేకపోతే నాకు ఈ పనే రాదు. మూడు కాలేజీలు మధ్యలో మానేసినవాణ్ణి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు.

సంతకం పెట్టాను. కెప్టెను సాక్షి సంతకం చేశాడు. చదివి, "ఇది నిజమేనా?" అన్నాడు. అయ్యే ఉంటుందన్నాను. "అయ్యే ఉంటుందంటే ఏంటోయ్, అవునో కాదో చెప్పు," అన్నాడు. అవునన్నాను. కాగితం ఈ కవరులో ఉంది. ప్రెస్కాట్‌కి నేరుగా పంపొచ్చు గానీ, మీ చేతుల మీదుగా వెళితే బాగుంటుందనిపించింది.

మీకు చెప్పని సంగతొకటి ఉంది. మార్చిలో ఓడ ఎక్కే ముందు ఎస్తర్ గారింటికి వెళ్లాను. నాలుగుసార్లు వీధి మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాను, ఐదోసారి ఆవిడే కిటికీలోంచి చూసి తలుపు తీసింది. ఎనభై ఒక్కేళ్ల మనిషి. నేను నిలబడే చెప్పాను, నా మతిమరుపు వల్ల మీ ఫోన్లు ఖాళీ గదికి వెళ్లాయి, మీ ఆయన పోయాడు అని. ఆవిడ కుర్చీ చూపించింది. సూపు పెట్టింది. తను సౌనా గదిలో ఆవిరి పెంచితే ఐనార్ ఎలా విసుక్కునేవాడో చెప్పింది. వెళ్లేటప్పుడు నా రెండు చెంపలూ పట్టుకుని, "నిన్ను క్షమించేశాను నాయనా, ఇక దీన్ని మోసుకుని తిరక్కు," అంది.

ఆ రోజు వీధి చివర కూర్చుని ఏడ్చాను. ఇన్ని నెలల్లో నాకు దొరికిన మంచి అదొక్కటే. మీరు కూడా ఆవిణ్ణి చూసి పక్క ఊరు పారిపోనక్కర్లేదు. మీ తప్పేం లేదు ఇందులో. ఒకసారి వెళ్లి కూర్చోండి. మంచి మనిషి.

లైల్


హెమ్లాక్ పాయింట్
సెప్టెంబరు 2

లైల్,

నీ సంతకం ఉన్న కాగితం ప్రెస్కాట్‌కి ఇవ్వలేదు. ఇందులోనే పెట్టాను. చించి పారెయ్.

చీటీ నా దగ్గరుంది. మొదట్నుంచీ నా దగ్గరే ఉంది.

గురువారం నువ్వు రాసి నా ట్రేలో పెట్టావు. ఎప్పటిలాగే రెండు గీతల మధ్య చక్కగా, తేదీ, టైము, పట్టికలో పాత వరస, కొత్త వరస. శుక్రవారం రెండున్నరకి నేను దాన్ని తీసి స్క్రీను మీది పట్టికతో సరిపోల్చాను. ఒక్క అంకె కూడా తేడా లేదు. ముందు సేవ్, తర్వాత సంతకం. ఆ క్రమం పెట్టింది నేనే. ఆ రోజు జోడీకి మార్క్వెట్‌లో టోర్నమెంటు. మూడింటికి బయల్దేరాలి. తొందరలో సంతకం ముందు పెట్టేశాను. అప్పుడే జోడీ ఫోన్ చేసింది, స్కేట్లు ఇంట్లో మర్చిపోయానని. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే స్క్రీను మూసి, కోటు తగిలించుకుని బయటపడ్డాను. సేవ్ కొట్టలేదు. కొట్టాననుకోవడం కూడా కాదు, ఆ ఆలోచనే రాలేదు. సంతకం పడ్డాక పని అయిపోయినట్టే నాకు.

సోమవారం పొద్దున అందరికంటే ముందు ఆఫీసుకి వచ్చాను. ఐనార్ సంగతి అప్పటికే తెలుసు. ట్రేలో చీటీ చూశాను, దాని మీద నా సంతకం చూశాను, నాకు మొత్తం అర్థమైంది. కరెంటు పోయినప్పుడు స్విచ్‌లో ఎవరేం చేశారో రాసుకునే చిట్టా కూడా తుడిచిపెట్టుకుపోయింది కాబట్టి, సేవ్ చేయాల్సింది ఎవరో చెప్పేది ఈ భూమ్మీద ఆ కాగితం ఒక్కటే. మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను. పదింటికి విచారణవాళ్లు అడిగితే ట్రేలో చీటీ లేదన్నాను. నిజమే మరి, జేబులో ఉంది కదా. అలా నాకు నేను చెప్పుకున్నాను, నేను అబద్ధమాడలేదని.

నువ్వు మూడోసారి "మర్చిపోయి ఉంటాను" అన్నప్పుడు నేను నీ పక్కనే ఉన్నాను. నాకు కలిగింది బాధ కాదు, లైల్. ఊరట. హమ్మయ్య అనిపించింది. ఇది రాయకపోతే ఈ ఉత్తరం కూడా సగమే నిజమవుతుంది.

జోడీ చదువు, ఇంకో మూడేళ్లలో పింఛను, నలుగురిలో పరువు, ఇవన్నీ లెక్కేసుకున్నాను. నువ్వు కుర్రాడివి, ఎక్కడైనా బతికేస్తావనుకున్నాను. ఏప్రిల్లో ఆ కాగితం పంపింది కూడా ప్రెస్కాట్ బలవంతం మీద కాదు. నీ అడ్రసు తెలుసుకుంటానని నేనే అడిగి తీసుకున్నాను. నువ్వు సంతకం పెడితే నాకు నిద్ర పడుతుందనుకున్నాను.

నీ ఆగస్టు ఉత్తరం వచ్చింది. ఎస్తర్ నీ చెంపలు పట్టుకుని క్షమించిందని చదివాను. నువ్వు చేయనిదానికి ఆ ముసలావిడ ముందు నిలబడి తల వంచావు. నేనేమో ఆవిడ కళ్లలో పడకుండా బ్రెడ్డు కొనుక్కోవడానికి ఇరవై మైళ్లు వెళుతున్నాను.

నవంబరులో చీటీ నేనే బల్ల మీద పెడతాను. ఇది నీకు ముందు తెలియాలని రాశాను. నన్ను తిట్టు.

వెర్నా


డ్యూవాల్ ఓడ, ఈరీ సరస్సు
అక్టోబరు 11

కౌంటీ నెట్‌వర్కు అధికారి శ్రీమతి వెర్నా హౌటలా గారికి,

మీ ఉత్తరం వచ్చి ఐదు వారాలైంది. మూడుసార్లు జవాబు రాసి నీళ్లలో వేశాను. ఇది నాలుగోది. తిట్టమన్నారు. మీరు అడిగారని తిట్టాలనిపించడం లేదు.

సేవ్ మర్చిపోయినందుకు నాకు కోపం లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లలో అది మర్చిపోని మనిషి లేడు. ఆ సోమవారం మీరు నిజం చెప్పి ఉంటే మీ పక్కన నిలబడేవాణ్ణి. పద్ధతి మనిద్దరిదీ, తప్పు మనిద్దరిదీ అనేవాణ్ణి. ఉద్యోగం పోతే ఇద్దరికీ పోయేది. నిజంగా అలాగే చేసేవాణ్ణి, మీకూ తెలుసు.

మీరు నాకేం చేశారో మీకు తెలుసా అని ఆలోచిస్తున్నాను. ఉద్యోగం సంగతి కాదు. ఆ గురువారం ట్రేలో మీ ఆకుపచ్చ ఉన్ని చేతితొడుగులు ఉన్నాయి. వాటిని పక్కకి జరిపి చీటీ పెట్టాను. నాకు స్పష్టంగా గుర్తుంది. చీటీయే లేదన్నాక, ఆ తొడుగులు కూడా నా మనసు అల్లుకున్నవేనని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అప్పట్నుంచి నాకు గుర్తున్న దేన్నీ నమ్మలేదు. పొయ్యి ఆర్పానో లేదోనని సగం దారిలోంచి ఇంటికి తిరిగొచ్చేవాణ్ణి. టెస్‌తో పెళ్లి ఖాయమైంది కదా. ఏదైనా మాటన్నానా లేదా అని ఒకే సంగతి ఆమెని పదిసార్లు అడిగేవాణ్ణి. ఆమె ఓపిక పట్టింది, పట్టింది, వెళ్లిపోయింది. తప్పు ఆమెది కాదు. ఇక్కడ ఓడలో ముడి వేసి నాలుగుసార్లు తిరిగొచ్చి చూస్తాను. వీళ్లు నన్ను నాలుగుసార్లోడు అని పిలుస్తారు. సరదాకే పిలుస్తారు.

ఆ తొడుగులు నిజంగానే ఉన్నాయి. ఇరవై నెలలు నా బుర్ర సరిగ్గానే ఉంది. అది చెడిపోయిందని నమ్మింది నేను, నమ్మనిచ్చింది మీరు.

ఎస్తర్ గారికి నేను రాయను. ఆవిడ దగ్గరికి మీరే వెళ్లాలి, అదీ విచారణకి ముందే. ఆవిడ పేపర్లో చూసి తెలుసుకోకూడదు. ఇది మిమ్మల్ని అడుగుతున్నది కాదు.

లైల్ ట్రెంబాత్


హెమ్లాక్ పాయింట్
నవంబరు 24

లైల్‌కి,

విచారణ మంగళవారం అయింది. చీటీ బల్ల మీద పెట్టాను. నిలబడి నా పేరు చెప్పుకున్నాను. ప్రెస్కాట్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చదివాడు, వేరే ఏదైనా కనిపిస్తుందేమోనన్నట్టు. చైర్మన్ ఒక్కటే అడిగాడు, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని. భయమేసింది అన్నాను. అంతకంటే మంచి జవాబు తోచలేదు.

నీ పేరు కొట్టేశారు. ఆ సంగతి ప్రభుత్వ కాగితం మీద నీకు విడిగా వస్తుంది. దాన్ని జాగ్రత్తగా దాచుకో, ఎక్కడ పని అడిగినా అది చూపించొచ్చు. నన్ను ఆ సాయంత్రమే తీసేశారు. పింఛను సంగతి తర్వాత తేలుస్తారట. జోడీతో చెప్పాను. ఆ స్కేట్ల ఫోను దానికి గుర్తుంది. తన వల్లే అయిందా అని అడిగింది. కాదు, దేనికీ నీ తప్పు లేదని గట్టిగా చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. ఇప్పుడు అది కూడా నేను మోయాల్సిందే.

మార్కస్ గది దాకా వచ్చి నా పెట్టె మోశాడు. కారు దగ్గర, ఇకమీదట సేవ్ చేసి సంతకం పెట్టమంటారా, లేక సంతకం పెట్టి సేవ్ చేయమంటారా అని అడిగాడు. వేళాకోళమేమోనని చూశాను. కాదు, నిజంగానే అడిగాడు. సేవ్ చేసి, మళ్లీ పట్టిక తెరిచి చూసి, అప్పుడు సంతకం పెట్టమన్నాను.

నువ్వు చెప్పినట్టే విచారణకి ముందే ఎస్తర్ దగ్గరికి వెళ్లాను. ఆ సంగతి చివరికి ఉంచాను. ముందు రాయడానికి చెయ్యి రాలేదు.

తలుపు తీయగానే, "వెర్నా! ఎన్నాళ్లయింది నిన్ను చూసి," అని సంతోషపడింది. లోపలికి రమ్మని కాఫీ పెట్టింది. నేను తాగకుండానే చెప్పేశాను. చీటీ, సంతకం, జేబు, అన్నీ. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నది. చివర్లో ఒకటే అడిగింది. "ఆ అబ్బాయికి ఎప్పుడు తెలిసింది?"

సెప్టెంబరులో అన్నాను.

"అయితే మార్చిలో ఇక్కడికొచ్చినప్పుడు వాడికి తెలియదు."

తెలియదన్నాను. ఆవిడ కిటికీలోంచి వాకిలి వైపు చూస్తూ కూర్చుంది. నేను ఆగలేకపోయాను, లైల్. అడగకూడదనుకుని కూడా అడిగాను. నన్ను క్షమిస్తారా అని.

ఆవిడకి కోపం రాలేదు. గొంతు కూడా పెంచలేదు. "వాణ్ణి క్షమించడానికి నాకు ఏడాది పట్టింది, వెర్నా," అంది. "తెల్లారి లేచిన ప్రతిసారీ కొంచెం, కొంచెం కూడదీసుకున్నాను. ఉన్నదంతా వాడికిచ్చేశాను. మళ్లీ మొదట్నుంచి కూడదీసుకునే వయసు కాదు నాది."

నన్ను వెళ్లమనలేదు. కూర్చోమనీ అనలేదు. కాసేపు ఉండి, కప్పు సింకులో పెట్టి వచ్చేశాను.

వెర్నా